ఇంటికి రావలసిన వైద్యం, ఆదోనికి రావలసిన కీమో

"ఇంటి వద్దకే కీమోథెరపీ" అన్న ప్రకటన ఒకటి ఈ మధ్య ఒక మిత్రుడు నాకు పంపాడు. హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో కొన్ని ప్రైవేటు సంస్థలు నర్సును, మందును, సెలైను స్టాండును రోగి ఇంటికే పంపుతున్నాయి. ప్రకటనలోని బొమ్మలో ఒక మహిళ మెత్తని సోఫాలో ఆనుకొని కూర్చున్నది. పక్కన కిటికీ, కిటికీలో పూలకుండీ. "మన ఆదోని, ఎమ్మిగనూరులకు కూడా ఇది రావాలి కదా డాక్టరుగారూ, మీరు రాయండి" అని మిత్రుడి కోరిక.

రాస్తున్నాను. అయితే ఆయన కోరినట్లు కాదు.

ఆ బొమ్మ చూసినప్పుడు నాకు గుర్తుకు వచ్చినది ఎమ్మిగనూరు దగ్గరి ఒక చేనేత ఇల్లు. ఒకటే గది. గదిలో సగం గుంట మగ్గానిది, మిగిలిన సగం ఐదుగురు మనుషులది. ఆ ఇంటి ఇల్లాలికి యాభై ఏళ్ళు ఉంటాయి. రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి వ్యాధి వెన్నెముకకు చేరింది. మూడు వారాలకు ఒకసారి దూరపు నగరంలోని ఒక ఆసుపత్రికి వెళ్ళి కీమో ఎక్కించుకొని వచ్చేది. నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఒకే మాట అన్నది: "సారూ, రోగం కంటే ఆ బస్సే నన్ను ఎక్కువ సంపుతాంది." నేను నవ్వి, "మధ్యలో ఆపరాదమ్మా, తప్పకుండా పోవాల" అని చెప్పి పంపాను.

మూడవ కీమో అయిన తొమ్మిదవ రోజు రాత్రి ఆమెకు జ్వరం వచ్చింది. వీధి చివరి వైద్యుడు ఒక సూది వేసి, ఒక సెలైను ఎక్కించాడు. తెల్లవారి పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి రక్తపోటు పడిపోయింది. రెండు రోజులకు ఆమె చనిపోయింది. కాగితం మీద మరణ కారణం క్యాన్సర్ అని ఉంటుంది. నా లెక్కలో ఆమెను చంపినది దూరం. కీమో తరువాత జ్వరం వస్తే గంటలో ఏమి చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఈ వ్యాసం ఆ తప్పు నుంచి పుట్టినదే.

నేను చెప్పదలచినది ఒక్క మాటలో ఇది: క్యాన్సర్ ముదిరిన స్త్రీకి వైద్యంలో ఒక భాగం ఇంటికి రావచ్చు, రావాలి కూడా. మరొక భాగం ఇంటికి రాకూడదు. కాని అది వంద కిలోమీటర్ల దూరంలోనూ ఉండకూడదు. అది ఆదోనికి, ఎమ్మిగనూరుకు రావాలి. ఈ రెండు భాగాలను వేరు చేయకుండా "ఇంటికే కీమో" అనడం వ్యాపారం. "అంతా పెద్దాసుపత్రిలోనే" అనడం నిర్లక్ష్యం.

ముదిరిన దశ అంటే

మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. అందులో పెద్ద భాగం మూడవ, నాలుగవ దశలలోనే వైద్యుడి దగ్గరకు వస్తున్నది. నాలుగవ దశ అంటే వ్యాధి ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో, మెదడుకో పాకినదని అర్థం. ఈ దశలో వ్యాధిని సాధారణంగా పూర్తిగా తీసివేయలేము. కాని అదుపులో ఉంచగలము. కొందరు నెలలు, కొందరు ఏళ్ళ తరబడి జీవిస్తారు. చికిత్స లక్ష్యం రెండు: ఆయుష్షును పొడిగించడం, ఉన్న ఆయుష్షును బాధ లేకుండా గడిచేలా చూడడం.

ఈ రెండవ లక్ష్యాన్ని మన వ్యవస్థ పూర్తిగా మరచిపోయింది. మిగిలిన కాలమే పరిమితమైనప్పుడు, ఆ కాలంలో ఎన్ని రోజులు బస్సులో, ఎన్ని రోజులు ఆసుపత్రి వరండాలో, ఎన్ని రోజులు బిడ్డల మధ్య గడిచాయన్నది కూడా వైద్యపు లెక్కలోనిదే. మందు పనిచేసిందా లేదా అని స్కానింగులో చూస్తాము. ఆ మందు కోసం ఆమె ఏమి పోగొట్టుకున్నదో ఏ స్కానింగూ చూపదు.

వంద కిలోమీటర్ల చికిత్స

కర్నూలు వైద్య కళాశాల ప్రాంగణంలో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ రావడం ఈ జిల్లాకు మేలు. అంతకు ముందు హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రికో, బెంగళూరు కిద్వాయికో, వేలూరికో పోవలసి వచ్చేది. ఇప్పటికీ చాలామంది పోతూనే ఉన్నారు. కాని పడమటి మండలాల వారికి కర్నూలు కూడా దగ్గర కాదు. ఆదోని నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, ఎమ్మిగనూరు నుంచి దాదాపు 70. ఎమ్మిగనూరుకు రైలే లేదు. ఆదోనికి రైలు ఉన్నా అది గుంతకల్లు, రాయచూరు వైపు పోయే మార్గం. కర్నూలుకు బస్సే దిక్కు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి అయితే ముందు ఆటో, తరువాత ఒక బస్సు, తరువాత మరొక బస్సు.

2025 ఆగస్టు 15 నుంచి "స్త్రీ శక్తి" పథకం కింద ఆర్టీసీ బస్సులలో మహిళలకు టిక్కెట్టు లేదు. మంచిదే. కాని టిక్కెట్టు ఉచితమైనంత మాత్రాన ప్రయాణం తేలిక కాదు. వెన్నెముకకు క్యాన్సర్ పాకిన మనిషికి గుంతల రోడ్డు మీద ప్రతి కుదుపూ ఒక కత్తిపోటే. కీమో ఎక్కించుకొన్న సాయంత్రం వాంతులతో, నిలబడడానికి కూడా చోటు లేని బస్సులో మూడు గంటలు ప్రయాణించడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. పైగా ఆమె ఒంటరిగా పోలేదు. తోడు పోయే భర్త మగ్గం ఆపుకోవాలి. కొడుకు కూలి మానుకోవాలి. టిక్కెట్టు సున్నా అయినా, ఆ రోజు ఇంటి సంపాదనా సున్నాయే.

మరొక సంగతి ఉన్నది. పంటలు అయిపోయాక ఈ పల్లెల నుంచి వేలాది కుటుంబాలు సుగ్గికి తరలిపోతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయిన కుటుంబం నెలల తరువాత తిరిగి వస్తుంది. రోగిని ముసలి అత్తతో ఊళ్ళో వదిలిపోతారు, లేదా వెంట తీసుకుపోతారు. రెండింటిలో ఏది జరిగినా, మూడు వారాలకొకసారి కర్నూలు పోవలసిన చికిత్స అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు మన రికార్డులో ఏమని రాస్తాము? "రోగి మళ్ళీ రాలేదు" అని. ఆ వాక్యంలో తప్పంతా రోగిదే. ఆమె రాలేదు సరే, మనము ఎందుకు పోలేదు?

"పల్లె ఇళ్ళు పనికిరావు" అనే వాదం

ఈ మాట ఎత్తగానే నా సహవైద్యులు కొందరు అభ్యంతరం చెబుతారు. "కీమో అంటే గ్లూకోజు బాటిలు కాదు. ఒక్క గది ఇంట్లో, నీళ్ళు రోజూ రాని వీధిలో, కరెంటు పోయే ఊళ్ళో అది ఎలా కుదురుతుంది?" అని.

ఇందులో సగం నిజం ఉన్నది. ఆ సగాన్ని నేను దాచను.

డాక్సోరుబిసిన్ అనే ఎర్రని మందు సిర నుంచి బయటికి కారితే ఆ చోట చర్మం, కండ కుళ్ళిపోతాయి. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ మందులకు కొందరిలో ఎక్కించడం మొదలుపెట్టిన నిమిషాలలోనే తీవ్రమైన అలర్జీ వచ్చి ఊపిరి ఆగవచ్చు. అప్పుడు పక్కన ఆక్సిజను, అడ్రినలిను, వాటిని వాడడం తెలిసిన చేయి ఉండాలి. మందును కలపడానికి గాలిని వడగట్టే ప్రత్యేకమైన పెట్టె, శిక్షణ పొందిన ఫార్మసిస్టు కావాలి. నేల మీద ఒలికితే శుభ్రం చేయడానికి పద్ధతి ఉన్నది. చికిత్స జరిగిన తరువాత సుమారు రెండు రోజులపాటు రోగి మూత్రంలో, వాంతిలో మందు అవశేషాలు ఉంటాయి; చిన్న పిల్లలు, గర్భిణులు తిరిగే ఒక్క గది ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఇది పల్లెకు మాత్రమే వర్తించే భయం కూడా కాదు. 2020లో కోవిడ్ కాలాన, అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల వంటివి ఇంటి వద్ద క్యాన్సర్ చికిత్సను విస్తరించాయి. అదే ఏడాది ఆ దేశపు క్యాన్సర్ వైద్యుల సంఘం ఇంట్లో క్యాన్సర్ మందులను సిరలోకి ఎక్కించే పద్ధతిని సాధారణ నియమంగా సమర్థించలేమని, భద్రతకు సంబంధించిన ఆధారాలు ఇంకా చాలవని ప్రకటించింది. అన్ని వసతులూ ఉన్న దేశపు వైద్యులే అంత జాగ్రత్తగా మాట్లాడినప్పుడు, మన నగరాలలో పూలకుండీ బొమ్మలతో దానిని అమ్మడం నాకు మింగుడుపడదు.

కనుక సిరలోకి ఎక్కించే తీవ్రమైన కీమో మందులు ఎమ్మిగనూరు చేనేత ఇంటికి రాకూడదు. హైదరాబాదు అపార్టుమెంటుకు పోవడం కూడా నాకు సమ్మతం కాదు. ఇంతవరకు నేనూ నా సహవైద్యులూ ఒకే మాట మీద ఉన్నాము.

మేము విడిపోయేది ఆ తరువాతనే. "ఇంటికి కుదరదు, కనుక కర్నూలుకే రావాలి" అని వారు ముగిస్తారు. ఇల్లు కాకపోతే కర్నూలేనా? మధ్యలో ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రి ఉన్నది. ఆదోనిలో ఏరియా ఆసుపత్రి ఉన్నది. వాటిలో డాక్టర్లు, నర్సులు, ఆక్సిజను, పడకలు ఉన్నాయి. ఈ రెండు ఆసుపత్రులనూ క్యాన్సర్ రోగికి దారిలో కనిపించే భవనాలుగా మిగిల్చినది ఎవరు?

ఆ వాదంలో మరొక లోపమూ ఉన్నది. కీమో అనగానే సిరలోకి ఎక్కించే మందు ఒక్కటే వారికి గుర్తుకు వస్తున్నది. ముదిరిన రొమ్ము క్యాన్సర్ వైద్యంలో అది ఒక భాగం మాత్రమే.

ఇంటికి రాగలిగినవి

మొదటిది, మాత్రలు. హార్మోన్లకు స్పందించే రొమ్ము క్యాన్సరుకు టామాక్సిఫెన్, లెట్రొజోల్ వంటి మాత్రలే ప్రధాన వైద్యం. వాటితో కలిపి ఇచ్చే పాల్బోసిక్లిబ్ పేటెంటు గడువు మన దేశంలో 2023లో ముగిసింది. దేశీయ కంపెనీల తయారీలు వచ్చి ధర బాగా తగ్గింది. కాపెసిటబిన్ మాత్ర రూపంలోని కీమోనే: సాధారణంగా 14 రోజులు వేసుకొని 7 రోజులు ఆపుతారు. తక్కువ మోతాదులో సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్ మాత్రలు వాడే పద్ధతి కూడా ఉన్నది, అది చవకైనది.

కాని మాత్రను చేతిలో పెట్టి పంపడం ఇంటి వైద్యం కాదు. కాపెసిటబిన్ వేసుకొనే మనిషికి అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పగలవచ్చు, విరేచనాలు పట్టుకోవచ్చు. అప్పుడు మాత్ర ఆపాలని ఆమెకు తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో కొన్ని రోజులే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ మింగితే మనిషి దక్కకపోవచ్చు. చదువు రాని ఇంట్లో ఈ పొరపాటు ఎంత సులభమో ఆలోచించండి. కనుక మాత్రతో పాటు ఇంటికి రావలసినది ఒక మనిషి. వారానికి ఒకసారి తలుపు తట్టి, మాత్రలు లెక్కపెట్టి, చేతులు చూసి, విరేచనాలు అవుతున్నాయా అని అడిగే మనిషి.

రెండవది, చర్మం కిందికీ కండలోకీ ఇచ్చే సూదులు. హెర్2 రకం రొమ్ము క్యాన్సరుకు వాడే ట్రాస్టుజుమాబ్ సిరలోకి ఎక్కించడానికి అర గంట నుంచి గంటన్నర పడుతుంది. అదే మందు తొడ చర్మం కిందికి ఇచ్చే రూపంలో ఐదు నిమిషాల పని. పెర్టుజుమాబ్, ట్రాస్టుజుమాబ్ కలిపిన సూదికి 2020 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇస్తూ, శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది దానిని రోగి ఇంట్లోనే ఇవ్వవచ్చునని స్పష్టంగా చెప్పింది. మొదటి మోతాదులు ఆసుపత్రిలోనే ఇవ్వాలి, గుండె పనితీరును ఎప్పటికప్పుడు పరీక్షించాలి. ఆ మీదట సూది ఊరికి రావచ్చు. దాని ధర నేడు పేదవారికి అందేది కాదన్నది నిజమే. అయినా సిరలోకి ఎక్కించే ట్రాస్టుజుమాబ్‌ను 2014 నుంచి మన దేశపు కంపెనీలే తయారుచేస్తున్నాయి. మొదటి మోతాదులు ఇబ్బంది లేకుండా గడచిన రోగికి దానిని ఏరియా ఆసుపత్రిలో ఇవ్వడానికి ఏ ఆటంకమూ లేదు. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. "పల్లెలో అది సాధ్యమా?" అని అడిగేవారికి ఒకటే జవాబు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పసిపిల్లల టీకాలను దశాబ్దాలుగా అదే చలిలో కాపాడుతున్నాయి.

మూడవది, నొప్పి మందు. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పికి నోటితో తీసుకునే మార్ఫిన్ మాత్రను మించినది లేదు. ఖరీదైనదీ కాదు. దానిని అందించడం సులభం కావాలనే పార్లమెంటు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థలు పద్ధతి ప్రకారం మార్ఫిన్ నిల్వ చేసి ఇవ్వవచ్చును. చట్టం మారి దశాబ్దం దాటినా, మార్ఫిన్ పేరు వింటేనే భయపడే వైద్యులు నేటికీ ఉన్నారు. నిద్ర లేక రాత్రంతా మూలిగే తల్లికి పారాసెటమాల్ రాసి పంపే వైద్యుడు ఏ చట్టాన్ని కాపాడుతున్నాడో నాకు అర్థం కాదు. ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులు రెండింటిలోనూ మార్ఫిన్ నిత్యం దొరకాలి. ఇంటికి వెళ్ళే నర్సు సంచిలో మోతాదు చీటీ ఉండాలి.

నాలుగవది, అన్నింటికంటే ముఖ్యమైనది, జ్వరం లెక్క. కీమో తరువాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజులలో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు, ప్రాణాపాయం. గంటలోపల సరైన యాంటీబయాటిక్ సిరలోకి పడాలి. అవి అరుదైన మందులు కావు. ఏరియా ఆసుపత్రిలో ఉండదగినవే. కావలసినది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఆమెను చూడగానే గుర్తించడం. దానికి ఒక చిన్న తెలుగు కార్డు చాలు: "నేను కీమో తీసుకుంటున్నాను. నాకు జ్వరం వచ్చింది. దయచేసి ఆలస్యం చేయవద్దు." ఒక కార్డు, ఒక థర్మామీటరు, ఒక ఫోను నంబరు. నేను మొదట చెప్పిన చేనేత స్త్రీకి కావలసినది సోఫా కాదు, ఈ మూడే.

ఆదోనికి రావలసినది

ఇక సిరలోకి ఎక్కించే కీమో. ఏ మందు, ఎంత మోతాదు అన్నది కర్నూలులోని నిపుణుడే నిర్ణయించాలి. మొదటి విడత అక్కడే జరగాలి. ఇబ్బంది లేదని తేలిన తరువాతి విడతలు మాత్రం ఆదోనిలో ఒక పగటి చికిత్స విభాగంలో జరగాలి. పొద్దున వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరాలి.

ఇది నా కల కాదు. 2020 లాక్‌డౌనులో రోగులు ప్రయాణించలేకపోయినప్పుడు కేరళ ప్రభుత్వం తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం సహకారంతో జిల్లా స్థాయి ఆసుపత్రులలోనే కీమో ఏర్పాట్లు చేసింది. అక్కడి డాక్టర్లు, నర్సులు ఆకాశం నుంచి దిగలేదు. శిక్షణ ఇచ్చారు, నేర్చుకున్నారు. 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్టులో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రులలో మూడేళ్ళలో పగటి క్యాన్సర్ చికిత్స కేంద్రాలు పెడతామని, 2025–26లోనే 200 ప్రారంభిస్తామని ప్రకటించారు.

ఇక్కడే మన పడమటి మండలాలు మోసపోయే ప్రమాదం ఉన్నది. "జిల్లాకు ఒకటి" అంటే లెక్క ప్రకారం కర్నూలుకు ఒకటి. ఇప్పటికే క్యాన్సర్ సంస్థ ఉన్న ఊరికి మరొక కేంద్రం వచ్చినట్లు కాగితం నిండుతుంది. ఆదోని దూరం ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు. కర్నూలు జిల్లాకు వచ్చే పగటి కేంద్రం ఆదోనిలోనే ఉండాలని మనము ఇప్పుడే అడగకపోతే, తరువాత అడిగి ప్రయోజనం లేదు.

డబ్బు, మనుషులు ఎక్కడివి?

"ఇదంతా చెప్పడానికి బాగుంది, ఖర్చు ఎవరిది?" అనేది చివరి ప్రశ్న.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వాలతో పాటు పేర్లు మార్చుకొంటూ నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం లక్షలాది పేదలకు ప్రాణం పోసింది. దానిని నేను తక్కువ చేయను. కాని దాని లెక్కంతా ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంది. విడతకు ఇంత అని ఆసుపత్రికి చెల్లిస్తుంది. రోగి ఇంటికి వెళ్ళి నొప్పి తగ్గించిన నర్సుకు, జ్వరాన్ని ముందే పట్టిన ఫోనుకు ఆ లెక్కలో చోటు లేదు. డబ్బు ఎటు ప్రవహిస్తే వైద్యమూ అటే ప్రవహిస్తుంది.

లెక్క మార్చడం అసాధ్యం కాదు. శస్త్రచికిత్స తరువాత విశ్రాంతి రోజులకు "ఆరోగ్య ఆసరా" పేరిట రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చిన రాష్ట్రం మనది. పోయిన కూలి కూడా వైద్యంలో భాగమేనని అప్పుడే ఒప్పుకున్నాము. మూత్రపిండాల రోగుల కోసం కేంద్రం 2016లో జిల్లా ఆసుపత్రులకు డయాలసిస్ తెచ్చింది. 2019లో రోగి తన ఇంట్లోనే చేసుకొనే పెరిటోనియల్ డయాలసిస్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. మూత్రపిండానికి కుదిరినది రొమ్ముకు ఎందుకు కుదరదు?

మనుషులు కూడా ఉన్నారు. ఫ్యామిలీ డాక్టరు విధానం 2023 ఏప్రిల్ నుంచి రాష్ట్రమంతటా నడిచింది; 104 వాహనంతో డాక్టరు ఊరికి వచ్చి మంచాన పడిన వారిని ఇంటికి వెళ్ళి చూడాలన్నది దాని నియమం. 2024 నవంబరులో ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు మొదలుపెట్టారు. పొరుగున తెలంగాణలో జిల్లాలలో పాలియేటివ్ కేంద్రాలు పెట్టి, "ఆలన" వాహనాలలో నర్సులను రోగుల ఇళ్ళకు పంపుతున్నారు. తమిళనాడు 2021 ఆగస్టులో "మక్కళై తేడి మరుత్తువమ్" పేరిట, అంటే ప్రజలను వెతుక్కుంటూ పోయే వైద్యం పేరిట, ఇంటి వద్ద వైద్యం మొదలుపెట్టింది.

ఒక్క ప్రశ్న అడుగుతాను. గడ్డ ఉన్నదో లేదో చూడడానికి మన ఆరోగ్య కార్యకర్త ఇంటి గడప దాకా వస్తున్నది. గడ్డ ఉన్నదని తేలిన మరునాటి నుంచి ఆ గడప దాకా వచ్చేవారు ఎవరూ ఉండరు. రోగాన్ని వెతకడానికి నడిచి వచ్చిన ప్రభుత్వం, రోగిని ఆదుకోవడానికి మాత్రం ఆమెనే నడిచి రమ్మంటుంది. ఇది న్యాయమేనా?

అడగవలసినవి

ఆదోని, ఎమ్మిగనూరు ప్రజలు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సభ్యులు, ప్రజాప్రతినిధులు అడగవలసినవి ఐదు.

1. ఆదోని ఏరియా ఆసుపత్రిలో, కర్నూలు క్యాన్సర్ సంస్థ పర్యవేక్షణలో, పగటి కీమో విభాగం.
2. ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులలో కీమో జ్వరానికి రాత్రింబగళ్ళు యాంటీబయాటిక్. ప్రతి రోగి చేతిలో తెలుగు కార్డు.
3. రెండు చోట్లా మార్ఫిన్ మాత్రలు. వాటిని రాయడంలో శిక్షణ పొందిన ఒక డాక్టరైనా.
4. మాత్రలు, సూదులపై ఉన్న రోగులను వారానికి ఒకసారి ఇంటికి వెళ్ళి చూసే ఇద్దరు శిక్షణ పొందిన నర్సులు, ఒక వాహనం.
5. ఈ ఇంటి వైద్యానికి ఎన్టీఆర్ వైద్యసేవలో చెల్లింపు. సుగ్గికి పోయిన రోగి ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లాలో చికిత్స కొనసాగే ఏర్పాటు.

అవి వచ్చేదాకా, ఇంట్లో రోగి ఉన్నవారు ఇవి మరవకండి. కీమో చేసిన ఆసుపత్రి ఫోను నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. థర్మామీటరు కొనండి. జ్వరం 100.4 చేరితే తెల్లవారే దాకా ఆగకండి. వీధిలోని సూదితో సరిపెట్టుకోకండి. 108కు ఫోను చేసి, దగ్గరి పెద్ద ఆసుపత్రికి వెళ్ళి "కీమో రోగి" అన్న మాట ముందుగా చెప్పండి. మాత్రల కీమోలో విరేచనాలు రోజుకు నాలుగైదు సార్లకు మించితే, నోరు పూసి అన్నం దిగకపోతే మాత్ర ఆపి వెంటనే డాక్టరుతో మాట్లాడండి. కీమో తరువాత రెండు రోజులు రోగి బట్టలు, వాంతి, మూత్రం తాకేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. నొప్పిని ఓర్చుకోమని ఎవరు చెప్పినా వినకండి. నొప్పికి మందు అడగడం రోగి హక్కు.

ఆ మిత్రుడికి నేను ఇదే జవాబు రాశాను: ఆ ప్రకటనలోని సోఫా ఆదోనికి అక్కరలేదు. ఆదోనికి కావలసినది తన ఆసుపత్రిలో ఒక గది, ఆ గదిలో చేయి తిరిగిన నర్సు, ఆ నర్సు దగ్గర తలుపు తట్టవలసిన ఇళ్ళ జాబితా. ఆ జాబితా ఉండి ఉంటే, తొమ్మిదవ రోజు రాత్రి ఆ చేనేత ఇంటి వారికి ఎవరికి ఫోను చేయాలో తెలిసి ఉండేది.